యుద్ధము తప్పనిసరి యనుట ధర్మమా?

లోకమున మహాయుద్ధము గడచిన పిమ్మట నెల్లప్పుడును వినవచ్చు మాట యొకటి కలదు. "ఎవరును కోరలేదు, కాని తప్పలేదు." 1914వ సంవత్సరమున ఐరోపా రాజ్యము లొకదాని వెంట నొకటి పోరికి దిగిన తరువాత, ఆ రాజ్యముల మంత్రులును, సేనానులును బహువిధముల నీ మాటనే పలికిరి. నాడు బ్రిటిషు మంత్రివర్గమున నుండి పిమ్మట ప్రధానమంత్రియైన లాయిడ్ జార్జియు దన స్మృతిగ్రంథమున, దేశములన్నియు యుద్ధములోనికి జారిపోయిన వను భావమునే వెలిబుచ్చెను. జారిపోవుట యను క్రియకు గర్త కలడు గాని దోషి లేడు. వాననాడు గట్టుమీద గాలు జారినవానిని జూచి జాలిపడుదుము. విచారణకు దెచ్చి నిలువబెట్టము. కోటికి దరిదాపుగా సైనికులను బలిగొన్న కార్యమును గూర్చి యీ క్రియను వాడుట ధర్మమా? ఈ ప్రశ్నను చదువరులతో గలసి యాలోచింప బూనితిమి.

మహాయుద్ధ మనగానే మనవారికి సముద్రముల కావలి సంగతిగా దోచును. కాని ఐరోపా రాజ్యములును వాని మిత్రులును గలసి ప్రపంచము నలుమూలల జేసిన తొలి యుద్ధములలో నెన్నదగినది, 1756 మొదలు 1763 వరకు జరిగిన యేడేండ్ల యుద్ధము. అది మన కృష్ణా గోదావరీ తీరములను గూడ ద్రొక్కి పోయినది. కావున దగ్గరి దృష్టాంతముతోనే యారంభింతుము.

కృష్ణామండలమున, నూజివీటి మామిడితోటల సీమకు దక్షిణముగా, హనుమాన్ జంక్షన్ అను కూడలి కలదు. అచ్చటి యాంజనేయాలయమును బట్టి యా పేరు వచ్చినది. అచ్చటనుండి పడమటికి బోయినచో బెజవాడ, తూర్పునకు ఏలూరు, ఉత్తరమునకు నూజివీడు, దక్షిణమునకు గుడివాడ మీదుగా బందరు. రసాలును, బంగినపల్లులును బండ్లకెక్కి పోవు ఈ సీమకు మూడు వైపుల, 1759వ సంవత్సరపు వేసవి మొదట, మూడు సైన్యములు సంచరించినవి. ఏలూరున విడిసి మార్చి మాసమున బందరు మీదికి నడచిన యింగ్లీషు సేన యొకటి. దానికి నాయకుడు కర్నల్ ఫోర్డు. వెంట నున్న మిత్రుడు విజయనగర ప్రభువగు పూసపాటి ఆనంద గజపతిరాజు. మన పెద్దలు పరాసులని పిలిచిన ఫ్రెంచివారు కాన్‌ఫ్లాను నాయకత్వమున బందరుకోటలో నిలిచిరి. వారిది రెండవ సేన. ఫ్రెంచివారికి దోడుగా హైదరాబాదునుండి వచ్చి బెజవాడ యొద్ద దండు విడిసిన దక్కను సుబేదారు సలాబతుజంగు సేన మూడవది. నడుమ నున్న పల్లెలవారు పశువులను, ధాన్యమును దాచుకొని యుందురు గాని, ఆ మూడు సేనలు నేల వచ్చినవో వారి కెవరు చెప్పగలరు?

ఏలయన, ఆ కారణములలో నొకటి సైలీషియా యను సీమ. దానిని ప్రష్యారాజగు ఫ్రెడరిక్కు 1740లో ఆస్ట్రియా రాణి మరియా థెరీసా చేతినుండి లాగికొన బూనెను. మరియొకటి ఉత్తర అమెరికాయందలి ఒహాయో నదీప్రాంతపు టడవి. అచ్చట 1754 మే 28వ తేదీన, ఇరువదిరెండేండ్ల యువకుడగు జార్జి వాషింగ్టను నడపిన చిన్నదండునకును ఫ్రెంచివారి చిన్నదండునకును స్వల్పకాలము కాల్పులు జరిగినవి. రెండేండ్లకు, 1756 మే మాసమున, బ్రిటను ఫ్రాన్సు మీద యుద్ధము చాటెను. ఆ యేటి ఆగస్టున ఫ్రెడరిక్కు సాక్సనీలో జొరబడెను. పిమ్మట యుద్ధము వంగదేశమునకును, ఆఫ్రికా పడమటి తీరమునకును, పశ్చిమ ఇండియా దీవులకును బ్రాకెను. 1762లో చెన్నపట్టణమునుండి బయలుదేరిన యోడల సేన స్పెయినువారి మనీలాను బట్టుకొనెను. బందరు ముట్టడి యీ గొలుసులో నొక లంకె.

ఇట్టి గొలుసును జూచిన వెంటనే, ఒకదానినుండి యొకటి తప్పక పుట్టినట్లే తోచును. కాని యది తెగుటకు దగిన చోటు లుండెనని నాటి కాగితములే సాక్ష్యమిచ్చుచున్నవి. 1754లో ఫ్రెంచి కంపెనీ కర్ణాటక యుద్ధముల ఖర్చునకు విసిగి, డూప్లేను వెనుకకు బిలిపించి, గోడెహు అనువానిని పుదుచ్చేరికి బంపెను. అతడును, చెన్నపట్టణపు గవర్నరగు సాండర్సును పోరు నాపి, ఆ సంవత్సరాంతమున నొక తాత్కాలిక సంధికి సమ్మతించిరి. ఇరు కంపెనీలును దేశీయప్రభువుల తగవులలో దలదూర్పరాదు. దేశీయప్రభుత్వము లిచ్చిన యధికారపదవులను విడువవలెను. బందరు, దివిసీమల విషయమున నిరువురకును సమత్వము గలుగునట్లు పంచుకొనవలెను. ఐరోపాయందలి యజమాను లంగీకరించినగాని యీ సంధి స్థిరపడదు. ఆ యంగీకారము రాకమున్నే యుద్ధము వచ్చినది.

ఆ సంధి స్థిరపడి, మాటప్రకారము నడపబడియుండినచో నేమగును? 1753లో సలాబతుజంగు ఫ్రెంచి సేనాని బుస్సీకి వ్రాసియిచ్చిన కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను ఫ్రెంచివారు విడువవలసివచ్చును. బొబ్బిలి మీదికి వారి ఫిరంగులు నడువవు. బందరుకోట గోడల క్రింద మనవారు పరదేశీయుల జెండాల కొరకు జావరు. ఆ సంధివలన శాశ్వతశాంతి కలిగియుండునని మేము చెప్పజాలము. రెండవ దారి యొకటి యుండెననియు, అది కాగితముపై వ్రాయబడెననియు మాత్రమే చెప్పుచున్నాము. ధర్మవిచారణకు అంతమాత్రము చాలును. రెండవ దారిని జూచియు మొదటి దారిని బట్టినవాడు "కాలు జారినది" అని చెప్పుకొనుటకు వీలులేదు.

మిత్రత్వపు గట్టుబాట్లే రాజ్యములను లాగికొని పోయినవని కొందరందురు. ఆ కట్టుబా ట్లెట్టివో చూతము. 1740 మొదలు 1748 వరకు జరిగిన యుద్ధమున బ్రిటను ఆస్ట్రియాకు మిత్రము. ఫ్రాన్సు ప్రష్యాకు మిత్రము. 1756 జనవరిలో బ్రిటను ప్రష్యాతో నొడంబడిక చేసికొనెను; మే మాసమున ఫ్రాన్సు ఆస్ట్రియాతో సంధి చేసికొనెను. ఎనిమిదేండ్లలో మిత్రు లటు నిటు మారిరి. బ్రిటను ఫ్రాన్సుల వైరమొక్కటి మారలేదు. మిత్రధర్మ మంత పవిత్రమైనదైనచో నది యింత తేలికగా మారరాదు. ఇంత తేలికగా మారగలిగినదైనచో, దానికై లక్షలమంది చావవలసినదే యనుటకు బలము చాలదు.

ఇక మన సీమలోని మిత్రత్వములను జూతము. విజయనగర ప్రభువగు విజయరామరాజునకును, బొబ్బిలి దొర రంగారావునకును చిరకాలవైరము. విజయరామరాజు దన పగ దీర్చుకొనుటకు బుస్సీ బలమును దోడు తెచ్చుకొనెను. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి కోట పడినది; లోపలి స్త్రీలును, బిడ్డలును శత్రువుల చేత జిక్కకుండుటకై మంటలకును గత్తులకును బలియైరి. కొలది దినములలోనే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారమున బొడిచి చంపెను. పొరుగువాని నణచుటకు బిలువబడిన పరదేశపు ఫిరంగి, పిలిచినవానిని రక్షింపలేకపోయినది. ఇద్దరు పొరుగువారి తగవు ప్రపంచయుద్ధపు గొలుసునకు దగులుకొన్న విధ మిది.

విజయరామరాజు వారసుడగు ఆనందరాజునకు ఫ్రెంచివారితో బొసగలేదు. 1758లో లాలీ బుస్సీని దక్షిణమునకు బిలిపించుకొన్న తరుణమున, ఆనందరాజు విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి పట్టుకొని, ఇంగ్లీషువారిని రమ్మని వ్రాసెను. తమ కోటకే ప్రమాదము దాపురించిన చెన్నపట్టణమువారు వెనుదీసిరి. వంగదేశమునుండి క్లైవు ఫోర్డును బంపెను. అప్పుడు జరిగిన యొడంబడిక గమనింపదగినది. కొల్లసొమ్ము చెరిసగము; లోపలి భూములు రాజునకు; సముద్రపు రేవులును, నదీముఖములయందలి పట్టణములును గంపెనీకి. దండు ఖర్చు రాజు భరింపవలెను. తాళముచెవి పరుని చేతికిచ్చి యిల్లు తనదే యనుకొన్నట్లు, రేవులను విడిచి పొలములను కోరుకొన్న యొడంబడిక యిది. ఆ డిసెంబరులో పిఠాపురము చేరువనున్న చందుర్తి యొద్ద ఫ్రెంచివా రోడిపోయిరి. పిమ్మట రాజమహేంద్రవరమున సొమ్ము విషయమై మిత్రు లిద్దరును దగవులాడుకొనిరి, దినములు వారములయ్యెను.

1759 ఏప్రిలు 7వ తేదీ రాత్రి ఫోర్డు బందరుకోటపై లగ్గ పట్టెను. మరునాటికి కోట వశమయ్యెను. లొంగిపోయిన వారి సంఖ్య ముట్టడించినవారి సంఖ్యకంటె నెక్కువ. ఫ్రెంచివారికి దోడ్పడ వచ్చిన సలాబతుజంగు, గెలిచినవారి వైపు దిరిగి, మే 14వ తేదీన బందరును దాని చుట్టుపట్ల సీమలను ఇంగ్లీషువారికి వ్రాసియిచ్చెను. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాయు, 1766లో నిజాముతో సంధియు వచ్చి, సర్కారులన్నియు గంపెనీ పాలైనవి. 1763 ఫిబ్రవరిలో పారిసు నగరమున సంధి వ్రాసికొన్న ఐరోపా రాజ్యములు దక్కనునకు సలాబతుజంగే న్యాయమైన సుబేదారని యంగీకరించినవి. కాని యతనిని 1762లోనే తమ్ముడగు నిజాం అలీ గద్దెనుండి దించియుండెను. మన తలరాతలు వ్రాసినవారికి మన యింట నెవరున్నారో తెలియదన్నమాట.

ఆనందరాజు తరువాత గద్దెనెక్కిన చిన విజయరామరాజు 1794 జూలై 10వ తేదీన పద్మనాభము యొద్ద గంపెనీ సేనలతో బోరాడి మరణించెను. ఏ కంపెనీని దన యింటివారు రమ్మని పిలిచిరో, ఆ కంపెనీయే ముప్పదియారేండ్లకు బాకీలకై యతని మీదికి వచ్చినది. ఇందు దైవశాపము వెదకవలసిన పనిలేదు. పగ తీర్చుకొనుటకు బలవంతుని బిలిచినవాడు, ఆ బలవంతుని బలము దన పగతో నాగిపోవునని యనుకొనుటలోనే దోషమున్నది. బొబ్బిలికి ముందు విజయరామరాజు ఊరకుండగలడు. సంధిరూపమున ఇరు కంపెనీల యజమానులును నిలువగలరు. చందుర్తికి ముందు ఆనందరాజు మరియొక విధమున యోచింపగలడు. అందరును "తప్పలేదు" అనిరి.

ఇచ్చట గొంద రాక్షేపింతురు: ఇది గతజలసేతుబంధనము కాదా? నీరు పోయిన పిమ్మట గట్టు కట్టిన నేమి ఫలము? ఈ యాక్షేపణకు బదులు చెప్పవలసియున్నది. "అట్లు జరుగకుండినచో" అను ఊహ రెండు విధములు. మొదటిది వినోదము. చదరంగపు బల్ల యెదుట గూర్చున్నవానివలె రాజ్యములను మార్చి, సేనలను నడపి, తాను మెచ్చిన పక్షమును గెలిపించి యానందించుట. ఫ్రెంచివారు గెలిచియుండిన మన గతి యేమి, జర్మనులు గెలిచియుండిన నేమి, అని రాత్రి ప్రొద్దుపోవువరకు వాదించువారు మనలో లేకపోలేదు. ఇట్టి యూహలో గెలుపెవరిదని ప్రశ్న కలదు గాని, మానుకొనదగినవా డెవడని ప్రశ్న లేదు. రెండవది విచారణ. న్యాయాధిపతి ముద్దాయిని శిక్షింపకముందు, "ఇతడు కొట్టకుండిన నా మనుష్యుడు బ్రతికియుండునా, ఇతడు కొట్టకుండ నుండగలిగెనా" యని యడుగును. పశ్చాత్తాపమునకు నర్థమిదే. "అట్లు చేయకుండ నుండవచ్చును గదా" యను తలంపు లేనివానికి బశ్చాత్తాపము లేదు. పశ్చాత్తాపము లేనివానికి రేపటి నడవడి మారదు. గట్టు పోయిన నీటికొరకు గట్టము. వచ్చు వానకాలము కొరకు గట్టుదుము.

రెండవ యాక్షేపణ మరింత బలమైనది. వాణిజ్యలోభము, రాజ్యకాంక్ష, జాతిగర్వము మొదలగు మహాకారణము లుండగా నొక మనుష్యు డొక్కచోట మానుకొనిన నేమి? ఆ యుద్ధము గాకున్న మరియొకటి వచ్చియుండును గదా! ఈ కారణముల బలమును మేము గాదనము. కాని 1914వ సంవత్సరమునకు ముందున్న పదునైదేండ్లను జూడుడు. 1898లో సూడానునందలి ఫషోడా యొద్ద బ్రిటను ఫ్రాన్సులు యుద్ధపు టంచున నిలిచినవి, ఫ్రాన్సు వెనుదీసెను, 1904లో ఆ యిద్దరును స్నేహపుటొడంబడిక చేసికొనిరి. 1905 జూలైలో జర్మను చక్రవర్తియు, రష్యా చక్రవర్తియు బ్యోర్కో యొద్ద నోడపై గలసికొని పరస్పరరక్షణ సంధికి సంతకము చేసిరి. ఇరువురి మంత్రులును దానిని సాగనీయలేదు. అది సాగియుండినచో 1914లో నెవరి ప్రక్క నెవరు నిలుతురో యూహించుకొనుడు. 1911లో మొరాకో విషయమై అగాదిరు సంక్షోభము వచ్చి పోయెను. 1912, 1913 సంవత్సరములలో బాల్కను యుద్ధములు జరుగుచుండగా, లండనులో రాయబారులు కూర్చుండి మాటలాడి, ఆ మంట పెద్దరాజ్యముల యిండ్లకు బ్రాకకుండ నాపిరి. మహాకారణములన్నియు నా సంవత్సరములలోను నుండెను. లోభముండెను, గర్వముండెను, సంధిపత్రములుండెను. యుద్ధము మాత్రము రాలేదు. కాబట్టి కారణములు కట్టెలు. నిప్పు వేరుగా నొకరు ముట్టింపవలెను.

"వాయిదా పడుటయే గాని తప్పుట యెక్కడ" అందురా? వాయిదాను దక్కువగా జూడవలదు. మృత్యువు తప్పదని యెరిగియు వైద్యుని బిలుతుము. పదేండ్లు యుద్ధము వాయిదా పడుట యనగా నొక తరము యువకులు పెండ్లియాడి, బిడ్డల నెత్తుకొని, పొలములు దున్నుకొని బ్రదుకుట.

1914 జూన్ 28వ తేదీన సారాయేవో నగరమున ఆస్ట్రియా యువరాజు హత్య జరిగినది. అతని కారు త్రోవ తప్పి హంతకుని యెదుట నిలుచుట యదృచ్ఛ యని చెప్పవచ్చును. కాని యా దినమునుండి బ్రిటను యుద్ధము చాటిన ఆగస్టు 4వ తేదీకి ముప్పదియేడు దినములున్నవి. ఆ ముప్పదియేడు దినములును యదృచ్ఛయేనా? జూలై 5న జర్మను చక్రవర్తి, ఏమైనను నీ వెంట నుందునని ఆస్ట్రియాకు మాటయిచ్చెను. జూలై 23న ఆస్ట్రియా సెర్బియాకు నలువదియెనిమిది గంటల గడువుతో హెచ్చరిక పంపెను. సెర్బియా వాటిలో నెక్కువ భాగమున కొప్పుకొనెను. ఆ బదులు చదివిన పిమ్మట జర్మను చక్రవర్తియే, ఇక యుద్ధమునకు గారణము లేదని వ్రాసికొనెను. ఆ దినమే, జూలై 28న, ఆస్ట్రియా యుద్ధము చాటెను. జూలై 29 రాత్రి రష్యా చక్రవర్తి నికొలస్, జర్మను చక్రవర్తి తంతి చదివి, సర్వసేనాసమీకరణపు టాజ్ఞను రద్దుచేసెను. మరునాడు మంత్రులు వత్తిడి చేయగా మరల నాజ్ఞ యిచ్చెను. ఒక రాత్రి యాజ్ఞను నిలిపిన చేయి మరునాడు గూడ నిలుపగలదు. ఇచ్చట జారుట యెక్కడ నున్నది?

ఆగస్టు 1వ తేదీన జర్మను చక్రవర్తి సేనలను బడమటికి గాక తూర్పునకు మాత్రమే నడపవలెనని కోరగా, సేనానాయకుడగు మోల్ట్కే, పథకము మార్చుటకు వీలుపడదనియు, రైళ్లన్నియు నేర్పాటైనవనియు జెప్పెను. రైళ్లను మార్చుట యసాధ్యము కాదని యా సైన్యపు రైల్వేశాఖకు జెందినవారే తరువాత వాదించిరి. తాము చేసిన యంత్రమునే తమకు యజమానిగా గూర్చుండబెట్టి, "యంత్రము వినుట లేదు" అని చెప్పుట యిట్టిది. ఇటలీ జర్మనీ, ఆస్ట్రియాలకు 1882 మొదలు మిత్రమైయుండియు, 1914లో, ఇది ఆత్మరక్షణయుద్ధము కాదని ప్రక్కకు నిలిచెను. ఏడాదిలోపల లాభము జూచి రెండవ పక్షమున జేరుట దాని గౌరవమును పెంపలేదు గాని, సంధిపత్రము సంకెల కాదని మాత్రము రుజువు చేసెను.

మన భారతకథలో నిట్టి పురుషు డొకడు కలడు. ధృతరాష్ట్రుడు దుర్యోధనుని దోషము నెరుగును. విదురుని మాట నిజమని యెరుగును. సంజయుడు వచ్చి చెప్పగా భయపడును. శ్రీకృష్ణుడు రాయబారిగా వచ్చి, అయిదూళ్ల మాట సభలో నున్నప్పుడు సింహాసనమున గూర్చున్నవాడును దానే. అయినను విధి బలవత్తరమని నిట్టూర్చుచుండును. కుమారుని నొక్కమాటతో నడ్డగింప నధికారముగలవాడు విధిని నిందించుట కంటె ధర్మద్రోహము వేరేమున్నది? యుద్ధమును గోరి చేసినవాడు దుర్యోధనుడు. దానిని సాధ్యము చేసినవాడు ధృతరాష్ట్రుడు. లోకమున దుర్యోధనులు కొందరే, ధృతరాష్ట్రు లనేకులు. అందుచేతనే రాయబారిని మన పెద్దలు పూజించిరి. కూడలియందు మనము కొలుచు నాంజనేయుడును లంకలో సీతను విడువుమని రావణునకు హితము చెప్పిన దూత. తోక నిప్పు తరువాతి కథ.

ఇట్టి యుద్ధముల ఫలమును, నిర్ణయించినవారికంటె నిర్ణయింపనివారే యెక్కువగా గుడిచిరి. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్‌డెన్ అను జర్మను యోడ చెన్నపట్టణముపై గుండ్లు గురిసి చమురు తొట్లను దగులబెట్టినది. ఆ యుద్ధమునకు సముద్రములు దాటి పోయిన భారతీయులు పదిలక్షలకు మించుదురు. తిరిగిరానివారు డెబ్బదివేలకు బైగా. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశపు ప్రతినిధుల నడుగకయే దేశము యుద్ధమున నున్నదని చాటెను. 1942 ఏప్రిలు 6న జపానువారి విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వైచెను. ఫోర్డు సేన దిగిన రేవు విశాఖపట్టణము. కాకినాడకు జందుర్తి యెంతో దూరము లేదు. రెండు శతాబ్దములలో రెండు మారులు, మన తీరమువా రెరుగని తగవు మన తీరమునకు వచ్చినది.

అట్లయినచో మిత్రునకు దోడ్పడుటయే పాపమా యని యడుగవచ్చును. కాదు. 1914 ఆగస్టున బెల్జియము తనకై యెవరి భూమిని గోరలేదు, తన గుండ బోవు సేనలకు ద్రోవ యీయననెను, అందుకై త్రొక్కబడినది. అట్టివాని ప్రక్క నిలుచుట ధర్మమే. ఇంటిలో జొరబడిన దొంగను బట్టుటకు బొరుగువానిని బిలిచినవానిని, పొరుగువాని చెట్టు నరుకుటకు రౌడీని బిలిచినవానిని నొక్కరీతిగా జూడరాదు. భేద మెచ్చట నున్నదన, దోడ్పాటు కోరకముందు వారు రెండవ దారిని వెదకిరా, వెదకి యది మూసికొనిపోయిన పిమ్మటనే కత్తి పట్టిరా యనుటలో నున్నది. వెదకినవాని నోట "తప్పలేదు" అను మాట సత్యము. వెదకనివాని నోట నదియే యసత్యము. ఒక్క మాట యొకని నోట సత్యమును, మరియొకని నోట అసత్యమును నగుట వింత గాదు. మాట వెనుక బని యున్నదా లేదా యని చూడవలెను.

రాజులు, సేనానులు చేసినదానికి మనమేమి చేయగలమని చదువరు లనుకొనవచ్చును. రాజ్యములను నడపువారు జనుల మాటలు వినుచునే యుందురు. పత్రికలలో, సభలలో, పఠనమందిరములలో, "ఇక యుద్ధము తప్పదు" అని విద్యావంతులు పదిమారు లనినచో, పదునొకండవ మారు దానిని బలుకుట మంత్రికి సులభమగును, మానుట కష్టమగును. తప్పదనుట జోస్యము చెప్పుట కాదు, కార్యమునకు జేయూత నిచ్చుట. సంఘమున దురాచారములను మాన్ప బూనినవారికి మొదట నెదురైన మాటయు నిదియే గదా: పూర్వులనుండి వచ్చినది, తప్పదు. ఆ మాటను గృహవిషయమున నంగీకరింపనివారు రాజ్యవిషయమున నేల యంగీకరింపవలెను?

మన గ్రామములనే చూడుడు. తోటగట్టు మీది రెండు మామిడిచెట్లకై ఇద్దరన్నదమ్ములు తగవుపడుదురు. ఒక డొక పెద్దమనుష్యుని యండ జేరును. రెండవవాడు వాని విరోధి యండ జేరును. నాటినుండి తగవు చెట్ల దగవు గాదు. పెద్దమనుష్యు లిద్దరును దమ పాతపగను వీరి చెట్లకు వ్రేలాడదీయుదురు. వకీళ్లు, సాక్షులు, దండుగలు, కడపట దుడ్డుకర్రలు. చెట్టు కాపు నెవరు దిన్నారో తెలియదు. భూమి మాత్రము తాకట్టు పడును. ఊరివారినడిగిన, "ఏమి చేయుదుము, అట్లు వచ్చిపడినది" అందురు. అట్లు వచ్చిపడలేదు. మొదటి దినమున వారి నిద్దరను నొక్క చాపమీద గూర్చుండబెట్టగలవా డొకడు ఊరిలో నుండెను. అతడు తనకేల యని యూరకుండెను. అతనివంటి వారికే మేమీ విన్నపము చేయుచున్నాము.

ఇకమీద నెవరైన, ఇంటి తగవున గాని రాజ్యముల తగవున గాని, "తప్పదు" అనినప్పుడు, వారిని గౌరవముగా నొక్కటి యడుగుడు: ఏయే దారులు చూచితిరి? ఎవరిని బంపితిరి? వారేమి చెప్పి వచ్చిరి? బదులు చెప్పగలవాడు నిజముగా వెదకినవాడు. వానితో గలసి కష్టపడుడు. బదులు చెప్పలేక కోపగించువాడు వెదకలేదు. వానికి మీ పేరును, మీ సొమ్మును, మీ బిడ్డలను నీయకుడు. 1754లో వ్రాయబడిన యొక సంధి సకాలమున స్థిరపరుపబడకపోవుటవలన మన తీరమున నెందరు చచ్చిరో లెక్క వ్రాసినవారు లేరు. వారి పేర్లు మనకు దెలియవు. వారు చావవలసినదే యని మాత్రము మనము చెప్పకుందుము గాక.